బుకర్ కంపెనీ చెరకు తోటలు

బుకర్ బహుమతి పేరు వినని సాహిత్యాభిమానులు మనలో అరుదు. 1969లో దానిని నెలకొల్పిన సంస్థకు మూలధనము చెరకు తోటలనుండి వచ్చినదని ఎరిగినవారు మాత్రము కొద్దిమందియే. దక్షిణ అమెరికా ఉత్తర తీరమున నున్న గయానా 1966 వరకు బ్రిటిషు వలసరాజ్యము. అచ్చటి చెరకు తోటలలో అధికభాగము బుకర్ కంపెనీవే. తోటలే కాదు, ఓడలు, దుకాణములు, రమ్ము వ్యాపారము సైతము వారివే. అందుచే ఆ దేశమును జనులు పరిహాసముగా ‘బుకర్ గయానా’ యనెడివారు.

ఆ తోటలలో తొలుత చాకిరి చేసినవారు ఆఫ్రికా బానిసలు. బానిసత్వము రద్దయిన పిమ్మట, 1838 మొదలు 1917 వరకు, సుమారు 2 లక్షల 39 వేలమంది భారతీయులను ఒడంబడిక కూలీలుగా తీసికొనిపోయిరి. అధికులు కలకత్తా రేవున ఓడ యెక్కినవారు. మద్రాసు రేవునుండి పోయినవారిలో తమిళులతోపాటు మన తెలుగువారును కలరు. బానిసల కాలమునాటి వరుస కొట్టములే వీరికి నివాసములైనవి.

1948 జూన్ 16న ఎన్మోర్ తోటవద్ద సమ్మె కూలీలపై పోలీసులు కాల్పులు జరుపగా ఐదుగురు మరణించిరి. చెరకు నరికినవారే దానిని పడవల కెత్తవలెనను పద్ధతి మానవలెననియు, తాము నమ్మిన సంఘమును గుర్తింపవలెననియు వారు కోరిరి. ఈ రెండవ కోరికను శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక.

1952లో కంపెనీ అధ్యక్షుడైన జాక్ కాంబెల్ బానిసలను ఏలిన తోటదారుల వంశమువాడు. 1934లో యువకుడుగా గయానా వచ్చినపుడు, కూలీల కొట్టములకంటె కంచరగాడిదల శాలలు మేలుగా నుండుట చూచి కారణ మడిగెననియు, కంచరగాడిద చచ్చిన మరొకదానిని డబ్బిచ్చి కొనవలెను గదా యని తోట మేనేజరు బదులు చెప్పెననియు అందురు. ఆ మాట ఆయన మనస్సును వదలలేదు.

వాటాదారులకేగాక పనివారికి, కొనుగోలుదారులకు, చుట్టుపట్ల ప్రజలకు కూడ కంపెనీ ఋణపడియున్నదని కాంబెల్ వాదించెను. లండన్ వ్యాపారులకు ఇది వింతగా తోచియుండును. కొట్టములు క్రమముగా కూలినవి. ఎగుమతియగు చక్కెరపై వసూలుచేసిన సంక్షేమ నిధినుండి కూలీలు అప్పు తీసికొని సొంత ఇండ్లు కట్టుకొనిరి. ఐరోపావారికే దక్కుచుండిన ఉద్యోగములకు గయానా యువకులను తర్ఫీదు చేసిరి. 1960 నాటికి ఆ దేశపు చక్కెర ఉత్పత్తి ఏటికి 3 లక్షల టన్నులు దాటెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. అంతకుముందే డాక్టరు జిలియోలి డి.డి.టి. చల్లించి తీరమునుండి మలేరియాను పారద్రోలియుండెను. పసిబిడ్డలు బ్రదికిరి, జనము పెరిగెను. సరిగా ఆ కాలముననే కంపెనీ యంత్రములను తెచ్చి, చక్కెరను బస్తాలు లేకుండ ఓడలలో నింపు ఏర్పాటు చేసెను. ఆదాయము పెరిగి ఇండ్లు లేచినవి. ఆ ఇండ్లలో పెరిగిన కుర్రవాండ్రకు తోటలో పని కరవయ్యెను. ఈ ముడిని విప్పుట కాంబెల్‌కు సాధ్యము కాలేదు.

ఇక బహుమతి సంగతి. జేమ్స్ బాండ్ కథకుడు ఇయాన్ ఫ్లెమింగ్ కాంబెల్‌కు స్నేహితుడు. 1964లో ఫ్లెమింగ్ రచనల హక్కులుగల సంస్థలో కంపెనీ వాటా కొనెను. అట్లేర్పడిన రచయితల శాఖనుండియే బహుమతి పుట్టెను.

ఇంత మార్చినవాని కాలమున కూడ సంఘము మాట కదలలేదు. కూలీలు నమ్మని పాత సంఘముతోనే యజమానులు బేరములాడుచు వచ్చిరి. మా దృష్టిలో కాంబెల్ సంస్కరణలలో పెద్ద వెలితి యిదియే. ఇల్లు, జీతము, వైద్యము పైనుండి ఈయవచ్చును. తమ పక్షమున మాటలాడువారిని ఎన్నుకొను హక్కును మాత్రము వారు ఈయలేదు. దానికొరకే 1964లో నెలల తరబడి సమ్మె జరుగగా, అది జాతి కలహముల రక్తపాతముతో కలిసిపోయెను. కాంబెల్ 1967లో పదవి విడిచెను.

1975 చివర కూలీల ఓటు తీసికొనగా, వారు కోరిన సంఘమే అత్యధిక సంఖ్యతో గెలిచెను. ఎన్మోర్ కాల్పులకు అప్పటికి 27 ఏండ్లు. మరికొన్ని నెలలకే, 1976 మే 26న, బుకర్ తోటలను గయానా ప్రభుత్వము జాతీయము చేసెను.