చెరువులో పుట్టిన చేపపిల్ల

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అను మూడు చేపల పేర్లు తెలుగు పల్లెలలో అందరెరిగినవే. ఇవి ఊరిచెరువులో చక్కగా పెరుగును. ఆడచేపల కడుపులో గ్రుడ్లు కూడ నిండును. కాని నిలువనీటిలో అవి గ్రుడ్లు పెట్టవు. ఈ చిక్కు విడిపోయిన తరువాతనే చిన్నరైతునకు చేపల పెంపకము నమ్మదగిన జీవనాధారమైనది.

పూర్వము చేపవిత్తనమునకు నదియే శరణ్యము. వానకాలమున గంగ మొదలగు నదులకు వరద వచ్చినపుడు జాలరులు సన్నని వలలు పన్ని పిల్లలను పట్టెడివారు. వానిని మట్టికుండలలో పోసి దూరప్రాంతములకు పంపెడివారు. దారిలో ఎన్నో చచ్చెడివి. బ్రతికినవానిలో ఏది ఏ జాతిదో గుర్తించుట కష్టము. వాలుగ వంటి పరభక్షక చేపల పిల్లలు కలిసినచో అవి తక్కినవానిని తినివేయును. ఒక్క గుంటపై ఆశ పెట్టుకొన్న పేదరైతు ఇట్టి నష్టమును ఎట్లు భరించును?

అయితే బెంగాలులో కొన్ని కట్టలవెనుక వాననీరు పారివచ్చి చేరినపుడు ఈ చేపలు గ్రుడ్లు పెట్టుట జనులెరుగుదురు. అనగా లోపము చేపలో లేదు. వరద ఇచ్చెడి ప్రేరణ చెరువులో లేదు. ఆ ప్రేరణకు మెదడు స్పందించగా, దాని క్రింద నున్న పీయూషగ్రంథి హార్మోనులను విడుదల చేయును. వాని వలననే గ్రుడ్లు తుదిపక్వమై వెలువడును. మరి ఆ హార్మోనులను మనమే అందించినచో?

1930లో అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు హౌసే చేపలకు పీయూషగ్రంథి రసమెక్కించి చూచెను. ఆ దశాబ్దముననే బ్రెజిల్‌లో ఈ పద్ధతి చేపల ఉత్పత్తికి ఉపయోగపడినది. మనదేశమున డాక్టర్ హీరాలాల్ చౌధురి, 1957 జూలై 10న, ఒరిస్సాలోని అంగుల్‌లో ఈ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించి విజయము సాధించెను. 2001 నుండి ఆ దినమును జాతీయ చేపరైతుల దినముగా జరుపుచున్నారు.

పద్ధతి కష్టమైనది కాదు. చేపతలలోనుండి తీసిన గ్రంథులను ఆల్కహాలులో నిలువజేసి, నూరి, ఆ రసమును ఆడచేపకు రెండు మోతాదులుగను, మగచేపకు ఒకే మోతాదుగను ఎక్కింతురు. పిదప నీటిలో కట్టిన గుడ్డతొట్టిలో వానిని విడువగా, కొన్ని గంటలలో గ్రుడ్లు వెలువడును. అవి ఒకరోజు లోపుననే పొదిగి పిల్లలగును. తరువాతి కాలమున గ్రంథిరసమునకు మారుగా సిద్ధముగా దొరకు హార్మోను మందులు వచ్చినవి.

విత్తనము చేతికందగనే తక్కిన శాస్త్రమునకు దారి ఏర్పడినది. బొచ్చె నీటిపైభాగమునను, శీలావతి నడుమను, ఎర్రమోసు అడుగునను మేయును. మూడింటిని కలిపి పెంచినచో చెరువులోని ఆహారమంతయు వినియోగపడును. 1971లో ఇట్టి మిశ్రమ పెంపకముపై అఖిలభారత పరిశోధన పథకము మొదలైనది. 1973-74లో చేపరైతుల అభివృద్ధి సంస్థల పథకము వచ్చినది. కొల్లేటి చుట్టుప్రక్కల చేపలచెరువులు విస్తరించుటకు ఈ విత్తనమే మూలము.

అయినను ఒక హెచ్చరిక కలదు. నదిని విడిచిన రైతు, నది ఇచ్చిన వైవిధ్యమును కూడ విడువరాదు. ఒకే కుటుంబపు చేపలను తరతరములు జతపరచినచో సంతతి క్షీణించును. అందుచేతనే భువనేశ్వర్ సమీపమునగల కేంద్ర మంచినీటి జలచరాల పెంపక సంస్థ, వివిధ నదుల శీలావతులను సేకరించి, ఎంపికచేసి, 'జయంతి' రకమును రూపొందించినది. రైతు విత్తనమునకై నదిని వేడుకొను అవసరము తీరినది. కాని ఆ విత్తనము మేలుగా నిలుచుటకు నదియే నేటికిని పుట్టినిల్లు.