మిసిసిపీ తల్లుల బడి

హెడ్‌స్టార్ట్ పేరు మనలో చాలామంది వినే ఉంటారు. పేదపిల్లల కోసం 1965లో జాన్సన్ ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం. ఆ తొలి వేసవిలో మిసిసిపీ పల్లెల్లో పుట్టిన ఒక సంస్థ గురించి ఇవాళ చెబుతాను. దాని పేరు చైల్డ్ డెవలప్‌మెంట్ గ్రూప్ ఆఫ్ మిసిసిపీ.

పత్తిచేలల్లో, దొరల ఇళ్ళల్లో పనిచేసే నల్లజాతి తల్లులు చర్చిల్లో, పాత ఇళ్ళల్లో బడులు తెరిచారు. 84 కేంద్రాలు, సుమారు 6 వేల మంది పిల్లలు. ఆటపాటలు, వేడి భోజనం, డాక్టరు పరీక్ష. టీచర్లూ వంటవాళ్ళూ కమిటీవాళ్ళూ చాలామంది ఆ ఊరివాళ్ళే. మన అంగన్‌వాడీలు వచ్చింది 1975లో. వాటిని సర్కారు పెట్టింది. ఇక్కడ ఊరు పెట్టుకుంటే సర్కారు డబ్బిచ్చింది. నాకు ఈ తేడానే ముఖ్యం.

చిక్కూ అక్కడే వచ్చింది. జీతం వాషింగ్టన్ నుంచి వస్తే దొర దయ అక్కర్లేదు, ఓటు నమోదు చేసుకుంటే పని పోతుందన్న భయమూ తగ్గుతుంది. నిధులేమో మేరీ హోమ్స్ కాలేజీ పేరిట వచ్చేవి. కాలేజీకిచ్చే గ్రాంటును గవర్నరు వీటో చెయ్యలేడు మరి! సెనేటర్ స్టెన్నిస్ లెక్కలు సరిగా లేవని పట్టుబట్టాడు. లోపాలు కొన్ని ఉన్నాయి కానీ, అసలు కోపం వాటి మీద కాదనే నా నమ్మకం.

1966 ఫిబ్రవరిలో 48 మంది పిల్లలు వాషింగ్టన్ వెళ్ళి, కాంగ్రెస్ కమిటీ గదినే బడి చేసేశారు. ఆ నెలలోనే నిధులొచ్చాయి. అక్టోబరుకల్లా మళ్ళీ ఆపేశారు. గొడవ పెద్దదయ్యాక 1967లో కొంత ఇచ్చారు. ఈలోగా డబ్బు రాని నెలల్లో చాలా ఊళ్ళలో తల్లులు జీతం లేకుండానే రోజూ పొద్దున్నే బడి తలుపు తీశారు.