తలమీద మోపు, లెక్కలో లేని కండ

వ్యాయామం అన్న మాట వెంట మన పాత కథల్లోకి, జీవిత చరిత్రల్లోకి వెళ్తే అన్నిచోట్లా మగవాళ్లే ఎదురవుతారు. సాము, గరిడీ, తాలింఖానా, కుస్తీ గోదా. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు. ఆడవాళ్ల కండ కనిపించాలంటే దంపుళ్ల పాటల దగ్గరికి, తిరగలి పాటల దగ్గరికి రావాలి. అక్కడ దాని పేరు వ్యాయామం కాదు, పని. ఒకే రోట్లో ఇద్దరు ముగ్గురు వంతులు తప్పకుండా రోకళ్లు వేస్తుంటే, పోటు పడేచోట ఊపిరి వదలడానికి పాటలో ఒక ఊత ఉంటుంది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, వదలండి అని ఇవాళ జిమ్ముల్లో డబ్బు తీసుకుని నేర్పేది ఇదే. పాటల్ని సేకరించిన పెద్దలు మాటలు రాసుకున్నారు, వరసలు రాసుకున్నారు. ఊపిరిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఈ పని-వ్యాయామం తేడా గురించి ఆలోచించడానికి చర్ల మంచి చోటు. భద్రాచలం దాటి దుమ్ముగూడెం మీదుగా గోదావరి వెంట పైకి పోతే వస్తుంది. దాని పైన ఛత్తీస్‌గఢ్ అడవులు. 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. పత్రికల్లో ఈ ఊరి పేరు ఎక్కువగా ఎన్‌కౌంటర్ వార్తల్లోనే చూశాం. 2014 మే 25న మాత్రం మరో కారణానికి వినబడింది. చర్ల మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్, నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ ఆ రోజు ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణకి అప్పటికి పద్నాలుగు నిండలేదు. ఆ శిఖరం ఎక్కిన బాలికల్లో అందరికన్నా చిన్నది. ఎనిమిది రోజులకి తెలంగాణ వచ్చింది.

మారుమూల పల్లె నుంచి హిమాలయానికి అని అందరూ రాశారు. నాకు ఆసక్తి ఆ రెండింటి మధ్య జరిగిన దాని మీద. భువనగిరి కొండ మీద రాతి ఎక్కుడు, డార్జిలింగ్‌లో శిక్షణ, లదాఖ్ చలిలో సాధన. అంటే కడుపునిండా తిండి, నిద్ర, రోజురోజుకీ కొంచెం పెంచుతూ పోయే శ్రమ, మధ్యలో విశ్రాంతి, పక్కన చూసుకునే మనిషి. వ్యాయామ శాస్త్రం మొదటి పాఠం ఇంతే. శ్రమ కండని అలసటకి గురిచేస్తుంది, విశ్రాంతిలోనే అది మునుపటికన్నా గట్టిపడుతుంది. విశ్రాంతి తీసేస్తే మిగిలేది అరుగుదల.

ఇప్పుడు చర్ల సంత దారిలో తలమీద మోపుతో నడిచే కోయ స్త్రీని చూద్దాం. వేసవిలో తెల్లారకముందే తునికాకుకి పోవాలి, యాభేసి ఆకుల కట్టలు కట్టాలి, దానికి ముందు ఇప్పపువ్వు ఏరాలి, ఆ మధ్యలో నీళ్లు, కట్టెలు, వంట, పిల్లలు. మగవాడు కావడి భుజం మార్చుకుంటాడు. తలమీది మోపుకి మార్చుకునే చోటు లేదు, మెడే. సంతలో ఒకామెని వ్యాయామం గురించి కదిలిస్తే, "పొద్దున లేస్తే పనే కదమ్మా, మళ్లీ ఎక్సర్‌సైజులు ఎందుకు?" అని నవ్వింది. ఆమె ప్రశ్నని శాస్త్రం ఆలస్యంగానైనా వేసుకుంది. డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్, ఆయన సహచరులు 2010 తర్వాత చెబుతూ వచ్చింది ఏమిటంటే, తీరిక వేళ చేసే కదలిక గుండెకి చేసే మేలు, జీతం కోసం గంటల తరబడి చేసే బరువు పని చేయకపోవచ్చని. దీన్ని ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు, వాదన నడుస్తోంది. కానీ వారానికి నూటయాభై నిమిషాలు చురుగ్గా నడవండి అన్న ఉపదేశం ఎవరి కాళ్ల కోసం తయారైందో మాత్రం తెలుస్తుంది. ఈ విద్యలో పేరుమోసిన తొలి అధ్యయనాల్లో ఒకటి, 1953లో అచ్చయిన జెరెమీ మోరిస్ లండన్ బస్సుల పరిశోధన, డ్రైవర్లని కండక్టర్లని పోల్చింది. అందరూ మగవాళ్లే.

కొండ మీద గాలి పలచన. ఎవరెస్ట్ పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానికి మూడోవంతే. అక్కడ నిలబడడానికి శరీరం వారాల తరబడి ఎర్రకణాలు పెంచుకుంటుంది. దానికి ఇనుము కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. ఏ కొండా ఎక్కకుండానే ఊపిరి అందని ఆడవాళ్లు వీళ్లంతా. గురుకులంలో పెట్టే గుడ్డునీ పాలనీ నేను చిన్న విషయంగా చూడలేను.

బరువెత్తడం ఆటగా 1896 ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్లని రానిచ్చింది 2000లో, సిడ్నీలో. ఆ ఏడే మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ స్త్రీ ఆమె. తరతరాలుగా మోపులెత్తిన మెడలకి, ఎత్తడం నీ శరీరానికి తగదని చెప్పడానికి నూటనాలుగేళ్లు! 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తిన స్త్రీలు అలిసిపోయారని ఆ పందేన్నే 1960 వరకూ తీసేశారు. అలిసిపోవడం మగవాడికి శౌర్యం, ఆడదానికి అనర్హత.

అయితే ఎవరెస్ట్ కథని పూర్తిగా సంబరంగా రాసుకోవడానికి నా మనసొప్పదు. పదమూడేళ్ల పిల్లని అంత ఎత్తుకి పంపడం సరైనదేనా అన్న ప్రశ్న ఉంది. వీళ్లు ఎక్కింది టిబెట్ వైపు నుంచి. నేపాల్ వైపు పదహారేళ్లు నిండాలి. అదే ఏడు ఏప్రిల్ 18న ఆ నేపాల్ వైపే, హిమపాతం కింద పడి పదహారుమంది నేపాలీ కార్మికులు చనిపోయారు. పైకెక్కేవాళ్ల సామాను మోస్తూ పోయారు. కూలి మోత అక్కడా వ్యాయామం కాదు, సాహసం కూడా కాదు. శిఖరాల జాబితాలో వాళ్ల లెక్క వేరే.

పూర్ణ ఆగలేదు. 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలన్నీ ఎక్కేసింది. 2017లో ఆమె మీద సినిమా వచ్చింది. ఒక్క అమ్మాయి చేసి చూపించింది కాబట్టి మిగతావాళ్లూ చేయొచ్చని చెప్పడం తేలిక. ఆమెకి దొరికినవి చర్ల చుట్టుపక్కల గూడేల అమ్మాయిలకి ఎప్పుడు దొరుకుతాయని అడగడం కష్టం. ఆట స్థలం, ఆడవాళ్లయిన వ్యాయామ ఉపాధ్యాయులు, నెలసరి రోజుల్లో వాడుకోగలిగిన మరుగుదొడ్డి, ఎనిమిదో తరగతిలో పెళ్లి మాటెత్తని ఇల్లు. నేను చదివిన బడిలో డ్రిల్లు పీరియడ్ వస్తే మగపిల్లలు బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు. మా ఆడపిల్లల చేతికి చీపుళ్లొచ్చేవి, వాళ్లాడే ఆ స్థలాన్ని ఊడ్చడానికి.