వ్రాతప్రతి నుండి అచ్చుప్రతికి: బెంగుళూరు నాగరత్నమ్మగారును, వావిళ్లవారును

గ్రంథకర్తకును ప్రచురణకర్తకును నడుమ నిలిచి, బేరము కుదిర్చి, తన పాలు తాను పుచ్చుకొను ప్రతినిధి పాశ్చాత్యుల పుస్తకవ్యాపారమున సుపరిచితుడు. తెలుగు పుస్తకలోకమున అట్టివాడు వేరూనలేదు. వ్రాతప్రతి చేతబట్టి వచ్చినవారును, దానిని అచ్చువేయదలచినవారును నేరుగా మాటాడుకొనుటయే ఇచటి వాడుక. ఈ పద్ధతియందలి బలమును, బరువును తెలిసికొనుటకు రాధికాసాంత్వనము అచ్చయిన చరిత్ర చక్కని తార్కాణము. ఆ కావ్యము పుట్టినది తంజావూరున; దానిని వెదకి పట్టినవారు మైసూరు సీమలో పుట్టిన విదుషీమణి; అచ్చయినది చెన్నపట్టణమున. తెలుగుదేశపు ఎల్లలకు వెలుపల నివసించిన తెలుగే దానిని కన్నది, దాచినది, కాపాడినది.

తంజావూరును మహారాష్ట్ర ప్రభువులు ఏలిన కాలమున, రాజుల ఇంటిభాష మరాఠీయు ప్రజల భాష తమిళమును అయినను, కొలువులో తెలుగు కవిత్వమునకును తెలుగు పాటకును పెద్దపీట యుండెను. 1739 మొదలు 1763 వరకు పాలించిన ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని యను కవయిత్రి వెలసెను. ఆమె కళావంతుల కుటుంబమున పుట్టినది. నాలుగు ఆశ్వాసముల రాధికాసాంత్వనము ఆమె కృతి. అవతారికలో తన తల్లిని, అవ్వను పేర్కొని, తన విద్యా వంశమును స్త్రీల వరుసలో చెప్పుకొన్నది. ప్రాచీన కావ్యములలో ఇది మిక్కిలి అరుదైన విషయము.

1887లో ఈ కావ్యమును తొలుత అచ్చొత్తించినవారు బ్రౌనుదొర సహచరులలో నొకరగు వెంకటనరసుగారు. అయితే అందు అవతారికయు, మరికొన్ని పద్యములును విడిచిపెట్టబడినవి. చదువరికి కావ్యము దొరికినది గాని కవయిత్రి దొరకలేదు.

బెంగుళూరు నాగరత్నమ్మగారు 1878లో నంజనగూడున జన్మించిరి. ఆమెయు దేవదాసీ కుటుంబమువారే. సంగీతముతోపాటు సంస్కృత కర్ణాటాంధ్ర భాషలను అభ్యసించి, చెన్నపట్టణమున స్థిరపడి, గాయనిగా గొప్ప పేరు గడించిరి. తంజావూరు సాహిత్యమును గూర్చిన యొక రచనలో ముద్దుపళని ప్రసక్తి ఆమె కంటబడెను. పుస్తకము సులభముగా దొరకలేదు. ఎట్టకేలకు అచ్చుప్రతి చేతికి వచ్చినది. పిమ్మట వ్రాతప్రతియు లభించినది. రెండును పోల్చి చూడగా లోపించినదేదో తేటపడెను. తమవంటి వంశమున పుట్టిన స్త్రీ వ్రాసిన కావ్యమగుట తమ ఆసక్తికి ఒక కారణమని ఆమె దాచలేదు.

ఆమె ప్రచురణకర్తల కడకు కొనిపోయినది దొరికిన కట్టను దొరికినట్లు కాదు. లోపించిన భాగములను పూరించి, పాఠమును సరిచూచి, పీఠిక వ్రాసి, పరిష్కర్త్రిగా తమ పేరు నిలుపుకొనిరి. రేపు ఎవరైన ప్రశ్నించినచో బదులు చెప్పువారెవరో ప్రచురణకర్తకు ముందే తెలిసినది. వ్రాతప్రతిని అచ్చునకు ఇచ్చువారు నేటికిని మరువరాని సంగతి యిది.

అందుకొన్నవారు వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారు. రామస్వామిశాస్త్రులవారు 1854లో నెలకొల్పిన ముద్రణాలయము వారి కుమారులు వేంకటేశ్వరశాస్త్రులవారి చేతిమీద విస్తరిల్లి, తెలుగు సంస్కృత గ్రంథములకు ఆలవాలమైనది. పుస్తకము అమ్ముడుపోకున్న నష్టము వారిదే. ప్రభుత్వమునకు కోపము వచ్చినచో కష్టమును వారిదే. మధ్యవర్తి లేనిచోట తప్పును తోయుటకు మూడవవాడు ఉండడు గదా!

1910లో గ్రంథము వెలువడెను. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఇందలి శృంగారము స్త్రీలు వినదగనిదని కవయిత్రిని గర్హించిరి. పంతులుగారే పరిష్కరించిన వైజయంతీవిలాసమున అట్టి శృంగారము లేదా, సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు అక్కరలేదా యని నాగరత్నమ్మగారు సూటిగా నిలదీసిరి. పంతులుగారు స్త్రీవిద్యకు చేసిన సేవ సాటిలేనిదే. ఈ ఒక్కచోట మాత్రము న్యాయము నాగరత్నమ్మగారి పక్షముననే యున్నది.

వివాదము సర్కారు చెవి సోకెను. ప్రభుత్వ అనువాదకుడు అభ్యంతరకరములని తోచిన పద్యములను ఇంగ్లీషున తెలిపెను. 1911లో పోలీసులు ప్రతులను స్వాధీనపరచుకొనిరి, గ్రంథము నిషేధింపబడెను. పండితులు చేసికొన్న విజ్ఞప్తి ఫలింపలేదు. వావిళ్లవారు గ్రంథమును వదలుకొనలేదు. 1927లో మరల సోదా జరిగి ప్రతులు పట్టుబడినవి. కొన్ని రూపాయల పుస్తకమునకై పదునారేండ్ల పిమ్మటను పోలీసులకు తలుపు తీయవలసి వచ్చిన ప్రచురణకర్త, దానిని సరకుగా నెంచెననుట పొసగదు.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో 1947లో నిషేధము తొలగెను. వావిళ్లవారు 1952లో కావ్యమును మరల ముద్రించిరి. ఆ యేడే మే నెలలో నాగరత్నమ్మగారు పరమపదించిరి. తిరువయ్యారున తాము కట్టించిన త్యాగరాజస్వామి సమాధిమందిరమునకు చేరువనే ఆమె సమాధియు కలదు.