కేసీ కాలువ గట్ల నుంచి డోన్ మెట్టల దాకా: మెదడువాపు వైరస్‌ల జాడ

పొద్దుగూకాక ఒక గంట. పశువులు కొట్టానికి చేరాయి. ఒకరు టార్చిలైటు పట్టుకుని కొట్టం చుట్టూ ఉన్న పొదలను, కప్పుకు దిగిన గడ్డిని వెతుకుతున్నారు. వాలిన దోమ కనిపిస్తే గాజు గొట్టం దగ్గర పెట్టి, రెండో కొస నుంచి నోటితో గాలి పీలుస్తారు. దోమ లోపలికి వస్తుంది. గంటలో ఒక మనిషి పట్టిన దోమలెన్ని అన్నదే ఆ సాయంత్రపు లెక్క. మెదడువాపు వ్యాధిపై నిఘా ఆసుపత్రి వార్డులో కాక ఇలా కొట్టం దగ్గర మొదలు కావాలన్నది ఈ వ్యాసం వాదన.

ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఆ పని జరిగింది. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థకు చెందిన యు.ఎస్.ఎన్. మూర్తి, మదురైలోని నాటి వైద్య కీటకశాస్త్ర పరిశోధన కేంద్రానికి చెందిన ఎన్. అరుణాచలం తమ సహచరులతో కలిసి ఇక్కడి దోమలను ఏళ్ల తరబడి సేకరించి పరీక్షించారు. దోమల్లో జపనీస్ మెదడువాపు వైరస్ జాడపై 2009లో ఒక వ్యాసం, దోమల సంఖ్యపై వాతావరణ ప్రభావం గురించి 2010లో మరొకటి వెలువడ్డాయి. అప్పటికి నంద్యాల, ఆళ్లగడ్డ, డోన్ మూడూ కర్నూలు జిల్లాలోనివే. నంద్యాల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న.

మదురై కేంద్రం పద్ధతి ఓపికతో కూడినది. పట్టిన దోమలను జాతివారీగా ఏరి, యాభైకి మించకుండా జట్లు కట్టి, ఒక్కో జట్టును నూరి ఎలైజా పరీక్ష చేస్తారు. వైరస్ ఉందనిపిస్తే ఆ ద్రవాన్ని టాక్సోరింకైటిస్ అనే పెద్ద దోమ లార్వా తలలోకి ఎక్కించి, వైరస్ పెరుగుతుందో లేదో చూస్తారు. ఈ జాతి దోమ పెరిగి పెద్దదైనా రక్తం తాగదు. అందుకే ప్రయోగశాలలో దాన్ని వాడటంలో కుట్టే భయం లేదు. వెయ్యి దోమలకు ఎన్ని జట్లలో వైరస్ దొరికిందో లెక్కగడితే ఊరికి ముప్పు ఎంత దగ్గరలో ఉందో తెలుస్తుంది.

కర్నూలు జిల్లానే ఎందుకు? పందొమ్మిదో శతాబ్దంలో తవ్విన కర్నూలు–కడప (కేసీ) కాలువ నంద్యాల, ఆళ్లగడ్డ సీమలకు వరిని తెచ్చింది. నాట్లు వేసిన మడిలో నిలిచిన నీరు క్యూలెక్స్ ట్రైటేనియోరింకస్ దోమకు పుట్టిల్లు. ఈ దోమకు మనిషి కంటే పశువు రక్తమే ఇష్టం. అయితే పశువుల ఒంట్లో వైరస్ పెద్దగా పెరగదు. పందుల్లో విపరీతంగా పెరుగుతుంది, కానీ అవి జబ్బుపడినట్టు సాధారణంగా పైకి కనిపించదు. మడుల్లో తిరిగే కొంగలు దాన్ని దూరాలకు మోస్తాయి. మనిషి దగ్గర ఈ గొలుసు తెగిపోతుంది. మన రక్తం నుంచి దోమకు అంటేంత వైరస్ ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వైరస్ సోకిన సుమారు 250 మందిలో ఒకరికే జబ్బు తీవ్రంగా బయటపడుతుంది. ఆసుపత్రి రిజిస్టరులో ఒక బిడ్డ పేరు ఎక్కిందంటే ఆ చుట్టుపక్కల వందలమందికి వైరస్ సోకి ఉంటుంది. జబ్బుపడిన వారిలో మరణాలు 30 శాతం దాకా ఉంటాయి. బతికిన వారిలో మూడో వంతు నుంచి సగం మందికి మూర్ఛ, కాళ్లూ చేతులూ పడిపోవడం, బుద్ధిమాంద్యం వంటివి జీవితాంతం మిగులుతాయి. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో పొరుగునున్న అనంతపురం జిల్లాను ఈ వ్యాధే కుదిపేసింది.

అనంతపురం కరువుసీమ అన్న సంగతి డోన్ వాసులు గుర్తుంచుకోవాలి. డోన్ కూడా మెట్ట. వానాధారపు పంటలు, సున్నపురాయి, గొర్రెల మందలు ఇక్కడి బతుకు. వరి లేదు కదా, మెదడువాపు మనకెక్కడిది అనుకోవడం సహజమే. అయితే మెదడువాపు తెచ్చే వైరస్ ఒక్కటే కాదు.

2003 జూన్–ఆగస్టు మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపు లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. 183 మంది చనిపోయారు. పొద్దున ఆడుకున్న పిల్లలు ఒకటి రెండు రోజుల్లోనే తల్లిదండ్రులకు దక్కకుండా పోయారు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ నమూనాల్లో చండీపుర వైరస్‌ను గుర్తించింది. అది 1965లో నాగపూర్ దగ్గరి చండీపుర గ్రామంలో మొదట దొరికిన వైరస్. దీన్ని మోసేది వరిమడి దోమ కాదు, ఇసుక ఈగ. మట్టి గోడల నెర్రెలు, పశువుల కొట్టాల చెమ్మ దానికి చాలు. 2004లో లాన్సెట్ పత్రికలో ఆ పరిశోధన వచ్చాక కూడా, ఇది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాలపై దెబ్బ అని కొందరు వైద్యులు వాదించారు. ఏ జబ్బో తేలకముందే పిల్లలు పోవడం ఆ ఏటి పెద్ద విషాదం.

పేరు తేలకపోవడానికి కారణం చాలాసార్లు నమూనాయే. జపనీస్ మెదడువాపును పట్టే ఐజీఎం ఎలైజా పరీక్ష ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలను వెతుకుతుంది. అవి తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది. జ్వరం వచ్చిన మర్నాడే తీసిన నమూనాలో ఏమీ కనపడకపోవచ్చు. దాన్ని చూసి జబ్బు లేదని రాసేయడం పొరపాటు. చండీపురలో ప్రతిరక్షకాలు వచ్చేలోపే ప్రాణం పోవచ్చు కనుక వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్ష కావాలి. వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న భయం పల్లెల్లో ఇంకా ఉంది. అనుభవమున్న డాక్టరు చేతిలో ఆ పరీక్షకు అంత భయపడనక్కర్లేదని ఇంటివారికి తీరిగ్గా చెప్పేవారు కావాలి.

టీకా విషయంలో తెలుగునేల చేసింది చిన్న పని కాదు. హైదరాబాదులోని బయలాజికల్ ఇ, భారత్ బయోటెక్ రెండూ జపనీస్ మెదడువాపు టీకాలు తయారుచేశాయి. భారత్ బయోటెక్ టీకాకు మూలం కర్ణాటకలోని కోలారులో దొరికిన వైరసే. చండీపురకు మాత్రం నేటికీ టీకా లేదు. 2024లో గుజరాత్‌లో అది మళ్లీ పెద్ద ఎత్తున పిల్లలను బలిగొంది.

కాబట్టి ఈ ప్రాంతానికి రెండు కళ్ల నిఘా కావాలి. కాలువ కింది ఊళ్లలో దోమలూ పందులూ, మెట్ట ఊళ్లలో ఇసుక ఈగలు. తమిళనాడులోని కడలూరు పల్లెల్లో మేకల రక్తపరీక్షతో జపనీస్ మెదడువాపు వైరస్ కదలికను కనిపెట్టారు. మేకలకూ గొర్రెలకూ కొదవలేని డోన్‌లో ఆ పని చేయడం కష్టమేమీ కాదు. జ్వరంతో ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, మనుషులను గుర్తుపట్టకపోయినా ఆ బిడ్డను తెల్లవారేదాకా ఇంట్లో ఉంచుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, డాక్టరు వెన్నులో నీరు తీస్తామంటే ఒప్పుకోండి.