మూత్రపిండాల జబ్బులో పోషక లోపాలు: ఉమ్మడి నల్లగొండ ప్రాంత చరిత్ర

మూత్రపిండాలు రక్తాన్ని వడపోయడమే కాక, విటమిన్ డిని శరీరానికి పనికివచ్చే రూపంలోకి మారుస్తాయి, ఎర్ర రక్తకణాల తయారీని పురిగొల్పే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోనును స్రవిస్తాయి. అందువల్ల అవి దీర్ఘకాలం దెబ్బతిన్నప్పుడు తిండికి కొదవలేని ఇంట్లో సైతం రోగికి ఎముకల బలం తగ్గి, రక్తహీనత వస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో ఈ విషయ చరిత్ర ఫ్లోరైడ్ నీటి చరిత్రతో పెనవేసుకుని ఉంది.

1827లో రిచర్డ్ బ్రైట్ ఒంటి వాపుకు మూత్రపిండాలతో ఉన్న సంబంధాన్ని వెల్లడించేవరకు, శతాబ్దాలపాటు ఆ వాపునే ఒక జబ్బుగా లెక్కించారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1940లలో లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం తయారైంది. ఈ రెండూ నేటి మూత్రపిండ చికిత్సకు అమూల్యమైనవి.

తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు గట్టిపడి వంగిపోయే జబ్బును 1937లో షార్ట్ బృందం మద్రాసు రాజధానిలో వర్ణించగా, నల్లగొండ జిల్లాలో దాని ఉనికిని 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నమోదు చేశారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో ప్రకటించిన పరిశీలన ఈ చరిత్రలో అత్యంత విలువైనది: ఫ్లోరైడ్ ప్రాంతంలోని కుర్రవాళ్లలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తాకడాన్ని, ఎముకలు గుల్లబారడాన్ని వారు కలిపి చూపారు. నాగార్జునసాగర్ నీరు 1967లో కాలువలకెక్కాక భూగర్భజలం పైకి వచ్చి, మట్టి క్షారగుణం పెరిగి, జొన్నలలో మాలిబ్డినం హెచ్చి, దానివల్ల శరీరంలో రాగి తగ్గిందని ఆ సంస్థ పరిశోధకులు తర్వాత ఊహించారు. 1970వ దశకంలో పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే ‘నల్లగొండ పద్ధతి’ని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ప్రధానంగా మూత్రపిండాలే కనుక, అవి చెడినవారిలో అది మరింత పేరుకుంటుంది.

విటమిన్ డి చివరి రూపం మూత్రపిండంలోనే తయారవుతుందని 1970లో ఫ్రేజర్, కోడిసెక్ నిరూపించారు. 1989లో ఎరిత్రోపొయెటిన్ మందుగా అమెరికాలో అనుమతి పొందింది.

డయాలసిస్‌లో నీటిలో కరిగే బి విటమిన్లు, విటమిన్ సి వ్యర్థాలతోపాటు కొట్టుకుపోతాయి. వంటింట్లోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. పొటాషియం తగ్గించడానికి ముక్కలను ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేస్తే ఫోలేట్, విటమిన్ సి కూడా ఆ నీళ్లతో పోతాయి. ఫాస్ఫరస్ భయంతో పాలు, పప్పు మానేస్తే క్యాల్షియం, ప్రోటీన్ తగ్గుతాయి. మిర్యాలగూడ మిల్లులు ఆడించే ఉప్పుడు బియ్యంలో బి1 ఎక్కువగా నిలుస్తుంది గాని, ఈ ప్రాంతపు ఇళ్లలో వండుకునేది ప్రధానంగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యమే. డయాలసిస్ చేయించుకునేవారికి కిలో బరువుకు రోజుకు 1.0–1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. విటమిన్ ఎ మాత్రం వీరి రక్తంలో తగ్గకపోగా పేరుకుంటుంది, విటమిన్ సి మితిమీరితే ఆక్సలేట్‌గా మారుతుంది. అందుకే మామూలు మల్టీవిటమిన్ బిళ్లలకు బదులు ఎ లేని ప్రత్యేక బిళ్లలను వైద్యులు రాస్తారు.