యూకేలో కరెంటు, గ్యాస్ రేటు ‘ఫిక్స్’ చేసుకోవాలా? ఆగాలా?

ఎక్కడో యుద్ధం మొదలవుతుంది. గ్యాస్ సరఫరాకు ఆటంకం తప్పదని వార్తలొస్తాయి. ఆ వెంటనే బ్రిటన్‌లోని ఇళ్లకు ‘ఇప్పుడే రేటు ఫిక్స్ చేసుకోండి’ అంటూ ఈమెయిళ్లు మొదలవుతాయి. ఉద్యోగానికో, చదువుకో అక్కడికి వెళ్లిన తెలుగువారికి ఇది కొత్త తలనొప్పి. ఇక్కడ ఇంటి కరెంటు టారిఫ్‌ను విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేస్తుంది. అక్కడ కంపెనీని, ప్లాన్‌ను మీరే ఎంచుకోవాలి. మరి ఎలా తేల్చుకోవాలి?

ప్రైస్ క్యాప్ అంటే..

మీరు ఏ ప్లానూ ఎంచుకోకపోతే సాధారణంగా ‘స్టాండర్డ్ వేరియబుల్’ టారిఫ్‌లో ఉంటారు. దీనికి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ గరిష్ఠ పరిమితి పెడుతుంది. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లో అమలయ్యే ఈ క్యాప్ మూడు నెలలకోసారి మారుతుంది. పరిమితి యూనిట్ రేటుకు, రోజువారీ స్టాండింగ్ ఛార్జీకే. మొత్తం బిల్లుకు కాదు. ఫిక్స్ చేసుకున్నా అంతే. ఒప్పంద కాలమంతా రేటు మారదు, వాడకాన్ని బట్టి బిల్లు మారుతుంది.

రెండు అనుభవాలు

2021 వేసవిలో ఏడాదికి మించి ఫిక్స్ చేసుకున్నవారు లాభపడ్డారు. సగటు ఇంటికి 2021 అక్టోబరులో ఏడాదికి 1,277 పౌండ్లుగా ఉన్న క్యాప్, 2022 ఏప్రిల్‌కు 1,971 పౌండ్లకు చేరింది.

2022 ఆగస్టులో కథ తిరగబడింది. అక్టోబరు నుంచి క్యాప్ 3,549 పౌండ్లని ప్రకటించగానే చాలామంది కంగారుపడ్డారు. సెప్టెంబరులో ప్రభుత్వం జోక్యం చేసుకుని సగటు బిల్లు 2,500 పౌండ్లు ఉండేలా రేట్లు తగ్గించింది. 2023 జులైకి క్యాప్ 2,074 పౌండ్లకు దిగింది. భయంతో భారీ రేటుకు రెండేళ్లు ఫిక్స్ చేసుకున్నవారికి ఆ ఒప్పందమే బరువైంది.

లెక్క ఇలా వేయండి

ముందు మీ పాత బిల్లులు తీసి ఏడాదిలో వాడిన యూనిట్లు చూడండి. వాటిని రెండు ప్లాన్ల రేట్లతో గుణించి, స్టాండింగ్ ఛార్జీలు కలపండి. ఉదాహరణకు వేరియబుల్‌లో 1,800 పౌండ్లు, ఫిక్స్‌లో 1,710 పౌండ్లు వచ్చాయనుకుందాం. అంటే ఫిక్స్ 5 శాతం తక్కువ. క్యాప్ ఏడాది సగటున 5 శాతానికి మించి తగ్గితేనే మీకు నష్టం. అదే ఫిక్స్ 1,890 పౌండ్లయితే, క్యాప్ సగటున 5 శాతానికి మించి పెరిగితేనే లాభం. హీటర్లు నడిచేది చలికాలంలోనే కాబట్టి ఆ నెలల రేటే ఎక్కువ ప్రభావం చూపుతుంది.

సంతకానికి ముందు..

* ఎగ్జిట్ ఫీజు ఎంత? కరెంటుకు, గ్యాస్‌కు విడివిడిగా ఉంటుందా? గడువు ముగియడానికి 49 రోజుల ముందు నుంచి ఈ ఫీజు ఉండదు.
* మనసు మారితే 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు.
* ఇల్లు మారే అవకాశముందా? ప్లాన్‌ను కొత్త ఇంటికి తీసుకెళ్లవచ్చో లేదో అడగండి.
* అద్దెలోనే బిల్లులు కలిసి ఉంటే ఈ నిర్ణయం మీది కాదు, ఇంటి యజమానిది. బిల్లు మీ పేరున ఉంటే ఎంపిక మీదే.

కంపెనీ మూతపడితే?

2021-22 సంక్షోభంలో దాదాపు 30 కంపెనీలు చేతులెత్తేశాయి. అలా జరిగినా సరఫరా ఆగదు. ఆఫ్‌జెమ్ మిమ్మల్ని మరో కంపెనీకి మారుస్తుంది, ఖాతాలో మిగిలిన మీ డబ్బుకూ రక్షణ ఉంటుంది. కానీ పాత ఫిక్స్‌డ్ రేటు మాత్రం పోతుంది.

చివరిగా..

నెల జీతంలో ఖర్చులు పోను మిగిలేది తక్కువా? చలికాలంలో బిల్లు ఒక్కసారిగా పెరిగితే తట్టుకోలేరా? అలాంటప్పుడు ప్రస్తుత క్యాప్ కంటే తక్కువకు, లేదా దాదాపు అదే రేటుకు దొరికే ఏడాది ఫిక్స్ నిశ్చింతనిస్తుంది. క్యాప్ కంటే బాగా ఎక్కువకు, అదీ పెద్ద ఎగ్జిట్ ఫీజుతో వస్తుంటే తొందరపడొద్దు. ఈమెయిల్‌లోని ‘ఈ రోజే ఆఖరు’ అన్న మాటను కాదు, మీ పాత బిల్లును చూసి నిర్ణయం తీసుకోండి.